బాటయే బడిగా బ్రతికిన కథకుడు
ఆదిభట్ల నారాయణదాసు జీవితము

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలియు తావున ఒకనాడు సాక్చి అను చిన్న పల్లె యుండెను. 1908వ సంవత్సరములో ఆ పల్లెలో ఉక్కు కర్మాగారపు కట్టడము ఆరంభమయ్యెను. 1912లో మొదటి ఉక్కు దిమ్మ వెలువడెను. ఆ కర్మాగారమును తలపోసిన జంషెడ్జీ టాటా దానిని కన్నులార చూడకయే 1904లో కన్నుమూసెను. ఆయన పేరనే 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూరు అని నామకరణము జరిగెను. నేడు ఝార్ఖండ్ రాష్ట్రములో నున్న ఈ పట్టణమునకు తెలుగు దేశపు ఉత్తరపు కొస నుండి, అనగా శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల నుండి, తరతరములుగా జనులు బ్రతుకుతెరువు వెదకుకొనుచు తరలి వెళ్ళిరి. కొలిమి యొద్ద చెమటోడ్చిరి, ఇండ్లు కట్టుకొనిరి, పిల్లలను చదివించుకొనిరి. బిష్టుపూరులో ఆంధ్రులు నెలకొల్పుకొనిన రామమందిరము నేటికిని వారి రాకకు గురుతుగా నిలిచియున్నది.

ఇల్లు విడిచి అంత దూరము పోవు కూలివాని మూటలో పుస్తకముండదు. తొలి తరమువారిలో అనేకులకు చదువే లేదు. కాని కథ యుండెను. ధ్రువుడు తండ్రి తొడ మీద చోటు దొరకక అడవికి పోయిన కథ, మొసలి నోట చిక్కిన ఏనుగు మొరపెట్టిన కథ వారికి అక్షరములలో గాక చెవులలో నిలిచియుండెను. రాత్రివేళ కోవెల ముందట, కాగడాల వెలుగున, ఒక్క మనుష్యుడు నిలువుకాళ్ళ మీద నిలిచి పాడుచు, ఆడుచు, మాటలాడుచు చెప్పిన కథలవి. ఆ విధముగా కథ చెప్పు విద్యకు తెలుగులో రూపమేర్పరచినవాడు వారి సీమలోనే పుట్టెను. ఆయన పేరు ఆదిభట్ల నారాయణదాసు. లోకము ఆయనను హరికథా పితామహుడని పిలిచినది.

కథకునికి గురువు ఎవరు?

నారాయణదాసు 1864వ సంవత్సరము ఆగస్టు 31న బొబ్బిలి సమీపమునగల అజ్జాడ అను అగ్రహారములో జన్మించెను. ఆ గ్రామము నేడు పార్వతీపురము మన్యము జిల్లాలో నున్నది. తండ్రి వేంకటచయనులు, తల్లి నరసమ్మ. బిడ్డకు పెట్టిన పేరు సూర్యనారాయణ. కథలు చెప్ప నారంభించిన తరువాతనే ఆయన నారాయణదాసు అయ్యెను.

ఆ ఇంటిలో ధనము కొరతగాని పద్యము కొరత కాదు. పెద్దలు భాగవతము చదువుచుండగా విని విని బాలుడు పద్యములను కంఠస్థము చేసికొనెను. ఆయన బాల్యమును గూర్చి ఒక ముచ్చట చెప్పుదురు. ఐదేండ్ల వయస్సున తల్లితో కూడ తీర్థమునకు పోయి, అంగడిలో భాగవత గ్రంథమును చూచి, అది కావలెనని మారాము చేసెనట. చదువరాని పసివానికి అంత పెద్ద పుస్తకమెందుకని అంగడివాడు నవ్వెనట. అప్పుడా బాలుడు అచ్చటనే నిలిచి భాగవత పద్యములను గడగడ అప్పగించెను. అంగడివాడు విస్మయమొంది పుస్తకమును ఊరక ఇచ్చి, చేతిలో కొంత పైకము కూడ పెట్టి పంపెనని చెప్పుదురు. నారాయణదాసు ఆ తరువాత డెబ్బదియైదేండ్లు బ్రతికెను. ఆయన బ్రతుకంతయు ఆ అంగడి ముందట జరిగినదానికి కొనసాగింపు వలె నడచెను. ఊరికి పోవుట, నలుగురిలో నిలుచుట, నోట నున్నదానిని విప్పుట, ఇచ్చినదానిని గైకొని తిరిగి దారి పట్టుట ఆయన జీవనమయ్యెను.

బాల్యములోనే ఆయన విజయనగరమునకు వచ్చి బడిలో చేరెను, ఆంగ్లము నేర్చెను. బొబ్బిలిలో వాసా సాంబయ్య అను వైణికుని యొద్ద కొలదికాలము వీణ నేర్చెను. సంగీతములో ఆయన పొందిన గురుశిక్ష ఇంతే. సంస్కృత కావ్యములను తానే చదువుకొనెను. రాగములను, తాళములను విని పట్టుకొనెను. పిమ్మట పారశీకమును, అరబ్బీని కూడ అభ్యసించెను. ఏ విద్యాపీఠమును ఆయనను తీర్చిదిద్దలేదు. చెవి, జ్ఞాపకశక్తి, మొండిపట్టు ఈ మూడే ఆయన గురువులు.

1883వ సంవత్సరములో కుప్పుస్వామి నాయుడు అను భాగవతుడు విజయనగరమునకు వచ్చి హరికథ చెప్పెను. అప్పటికి నారాయణదాసు పందొమ్మిదేండ్ల యువకుడు. దక్షిణ దేశమున, ముఖ్యముగా తంజావూరులో, మహారాష్ట్రుల కీర్తన పద్ధతి నుండి ఎదిగిన కథాకాలక్షేపము అప్పటికే వేళ్ళూనియుండెను. ఆ చెట్టు నీడ ఎంత విశాలమైనదనగా, తంజావూరి క్రైస్తవ కవి వేదనాయగం శాస్త్రియారు అదే పద్ధతిలో బైబిలు కథలను తమిళములో పాడి వినిపించెను. ఆయన కన్నుమూసిన 1864వ సంవత్సరములోనే నారాయణదాసు పుట్టెను. తెలుగు నేలలో మాత్రము ఆ కళకు ఇంకను తనదైన రూపమేర్పడలేదు. కుప్పుస్వామి నాయుని కథ విన్న యువకునికి తన నోటిలోని పద్యము, చెవిలోని రాగము, కాళ్ళలోని చురుకు ఒక్కచోట కూడు తావు కనబడెను. అతడు ఆలస్యము చేయలేదు. ఆ సంవత్సరమే ధ్రువ చరిత్రమును తానే రచించి, తానే వరుసలు కట్టి, విజయనగరములోని వేణుగోపాలస్వామి కోవెలలో తొలి హరికథ చెప్పెను.

ఒక్కని నోట ఒక లోకము

హరికథ చెప్పువానిని చూచినవారికి అది వేడుక. చెప్పువానికి అది కాయకష్టము. పట్టుపంచె కట్టి, మెడలో పూలదండ ధరించి, కాళ్ళకు గజ్జెలు కట్టి, చేత చిరుతలు పట్టుకొని అతడు నిలుచును. ప్రక్కన ఫిడేలు, మృదంగము వాయించువారు ఉందురు. వేషము మార్చుటకు తెర లేదు, మాట అందించుటకు వేరొక పాత్రధారి లేడు. రాజు అతడే, దాసి అతడే, బిడ్డ అతడే, తల్లి అతడే. కీర్తన పాడి, పద్యము చదివి, వచనము చెప్పి, నడుమ పిట్టకథతో నవ్వించి, మరల విడిచిన చోటికి వచ్చి కథను అందుకొనవలెను. ధ్వనివర్ధక యంత్రములు లేని ఆ దినములలో జనసమూహపు చివరి వరుసలోని ముదుసలికి సైతము ప్రతి మాటయు వినబడవలెను. నిద్ర ముంచుకొనివచ్చు రాత్రి వేళలో గంటల తరబడి అట్లు నిలుచుటకు ఉక్కు వంటి గొంతు, ఉక్కు వంటి కాళ్ళు కావలెను.

నారాయణదాసునకు ఆ రెండును ఉండెను. ఆయన నిండైన విగ్రహము కలవాడు, గంభీరమైన కంఠము కలవాడు. అయితే ఉన్నదానితో ఆయన తృప్తిపడలేదు. ఇతరుల రచనలను వల్లెవేసి చెప్పుట ఆయనకు సరిపడలేదు. అంబరీష చరిత్రము, గజేంద్ర మోక్షణము, రుక్మిణీ కల్యాణము, భీష్మ చరిత్రము, యథార్థ రామాయణము, ఇవన్నియు ఆయనయే రచించి, ఆయనయే స్వరపరచి, ఆయనయే ఆడి చూపెను. కవి, గాయకుడు, నటుడు, నర్తకుడు అను నలుగురు ఒక్క దేహములో పనిచేయుటయే ఆయన హరికథకు ఇచ్చిన రూపము. అటు తరువాత వచ్చిన తెలుగు హరిదాసులందరును ఆ దారినే నడచిరి.

తాళము మీద ఆయనకు గల అధికారము చూచువారికి నమ్మశక్యము కాకుండెను. రెండు పాదములతో రెండు తాళములను, రెండు చేతులతో వేరు రెండు తాళములను వేయుచు, అదే సమయమున పాడుచు, అడిగినవారికి పద్యము చెప్పుచు, లెక్క చేయుచు, మధ్యలో ఎవరో కొట్టిన గంటల సంఖ్యను మరువక చెప్పుచు ఆయన అవధానములు చేసెను. ఇది చేతివాటపు గారడీ కాదు. దేహములోని ప్రతి అవయవమును వేరువేరుగా పనికి అలవాటు చేసి, వాటన్నిటిపై ఒక్క మనస్సును కావలి నుంచిన సాధన. పనిముట్టును లొంగదీసికొనిన కమ్మరికి, మగ్గమును లొంగదీసికొనిన నేతగానికి ఇట్టి సాధన తెలియును.

బండిబాట, పడవబాట

1883లో ఆయన కథ చెప్ప నారంభించినప్పుడు ఆ సీమలో రైలు లేదు. తూర్పు తీరపు రైలు మార్గము 1893 మొదలుకొని మాత్రమే భాగములు భాగములుగా తెరవబడెను. కావున ఆయన యౌవనములోని తొలి పదేండ్ల ప్రయాణములు కాలినడకన, ఎద్దుబండి మీద, కాలువ పడవలలో సాగవలసినవే. గోదావరి, కృష్ణ ఆనకట్టల వెనుక త్రవ్విన కాలువలలో సరకులతో పాటు మనుష్యులును పోవుచుండిరి. గాలి యున్నప్పుడు తెరచాప, లేనప్పుడు గట్టు వెంబడి త్రాడు పట్టి లాగు మనుష్యుల భుజములు పడవను నడపెడివి. కాకినాడ వైపు నుండి సముద్రతీరము వెంట చెన్నపట్టణము వరకు కాలువబాట యుండెను. ఉత్తరమున దారి గుట్టల నడుమ, ఏరుల మీదుగా పోవును. వానకాలమున ఏరు పొంగిన యెడల అది తీయువరకు ఒడ్డున కూర్చుండుట తప్ప వేరు గతి లేదు.

ఇట్టి దారులను పట్టి నారాయణదాసు ఉత్తరమున బరంపురము వరకును, దక్షిణమున చెన్నపట్టణము, బెంగుళూరు, మైసూరు వరకును కథలు చెప్పుచు తిరిగెను. మచిలీపట్నములో కథయు, అవధానమును చేసి పండితుల మెప్పు పొందెను. కథకునికి నెల జీతము లేదు. ఒక ఊరిలో శాలువ కప్పి పల్లకిలో ఊరేగింతురు, మరియొక ఊరిలో వినువారే ఉండరు. పేరు తెలియని ఊరికి పోయి, ఊరిపెద్దను కలిసికొని, తానెవరో తానే చెప్పుకొని, చోటు సంపాదించి, దీపము పెట్టించి, జనమును పోగుచేసి, అప్పుడు కదా నోరు తెరచుట. ఆ రాత్రి కథ రుచింపని యెడల మరునాడు దారిబత్తెము కూడ ఉండదు. ప్రతి ఊరును ఒక క్రొత్త పరీక్షయే. పండితుడు తప్పు పట్టుటకు కూర్చుండును, పామరుడు అర్థము కాని యెడల లేచిపోవును. ఈ ఇరువురిని ఒక్క చాప మీద కూర్చుండబెట్టగల భాష ఏదియో ఆయన పుస్తకములలో గాక ఈ దారులలోనే కనుగొనెను.

మైసూరులో మహారాజు చామరాజేంద్ర ఒడయరు ఆయన కథ విని మిగుల సంతోషించెను. ఆ మహారాజు 1894లో పరమపదించెను గనుక నారాయణదాసు అచ్చటికి పోయినప్పటికి ముప్పది యేండ్లు మించియుండవు. అప్పటికి క్రొత్తగా వచ్చిన ధ్వనిగ్రాహక యంత్రము మైసూరు ఆస్థానములో నుండెను. దానిలో నారాయణదాసు కంఠమును నిలిపిరని ఆయన చరిత్రకారులు చెప్పుదురు. మహారాజు ఆయనను ఆస్థానములో నుండుమని కోరెననియు, ఆయన వినయముగా కాదని తిరిగివచ్చెననియు చెప్పుదురు. ఉండిన యెడల తిండికి, గుడ్డకు జీవితాంతము లోటుండదు. వెళ్ళిన యెడల మరల బండిబాటయే. పూటకూటికి దారి వెదకుకొను యువకునికి అది తేలికయైన నిర్ణయము కాదు. తన కంఠము దేవునికి తప్ప మనుష్యునికి ఊడిగము చేయరాదన్నది ఆయన పట్టుదల. అట్టి పట్టుదలను నిలుపుకొనుటకు వెల చెల్లింపవలసియుండునని ఆయనకు తెలిసియే యుండెను.

ఆయన నిష్కళంకుడని చెప్పుట ఆయనకే సమ్మతము కాదు. ఆయనకు గర్వము మెండు. తన విద్య ముందు ఇతరుల విద్యను తేలికగా చూచుటయు కలదు. నా యెరుక అను పేరుతో ఆయన తన జీవితములోని మొదటి ముప్పది యేండ్ల చరిత్రను వ్రాసికొనెను. అది ఆయన మరణానంతరము ప్రకటింపబడెను. అందులో తన యౌవనపు చాపల్యములను, తాను త్రొక్కిన పెడదారులను ఆయన మరుగుపరచలేదు. పెద్దమనుష్యులు తమ చరిత్రలు వ్రాసికొనునప్పుడు మచ్చలను కడిగివేయుట లోకరీతి. ఆయన అట్లు చేయలేదు. వేలాది జనుల యెదుట భక్తుల కథలు చెప్పినవాడు తన కథ చెప్పవలసివచ్చినప్పుడు తన్ను భక్తునిగా దిద్దుకొనకుండుట ఆయన జీవితములోని గొప్ప సంగతులలో నొకటి.

ఊరికి తిరిగివచ్చిన దారి

విజయనగరము అప్పుడు విద్యలకు నెలవు. కన్యాశుల్కము రచించిన గురజాడ అప్పారావు ఆ పట్టణములోనే యుండెను. ఆయన నారాయణదాసు కంటె రెండేండ్లు పెద్దవాడు. మహారాజు ఆనందగజపతి విద్వాంసులను ఆదరించువాడు. పరదేశములలో పేరుపొందిన తన ఊరివానిని ఆయన పిలిపించి గౌరవించెను. ఆనందగజపతి 1897లో గతించెను. నారాయణదాసు ప్రయాణములు మాత్రము ఆగలేదు. ఈసారి ఎద్దుబండికి బదులు రైలుబండి యుండెను.

1919వ సంవత్సరములో విజయరామ గజపతి విజయనగరములో సంగీత కళాశాలను స్థాపించెను. జంషెడ్‌పూరునకు ఆ పేరు వచ్చిన సంవత్సరమును అదియే. ఒకచోట ఇనుప రాతిని కరగించి ఉక్కు తీయుచుండిరి, మరియొకచోట పల్లె పిల్లల కంఠములకు పదును పెట్టుటకు పూనుకొనిరి. కళాశాలకు అధ్యక్షుడుగా నుండుమని నారాయణదాసును కోరిరి. మనుష్యుని కొలువు చేయనన్న తన మాటను ఆయన మరువలేదు. కళాశాల దేవుని పేర అంకితమైన పిమ్మటనే ఆయన ఆ పదవిని స్వీకరించెనని చెప్పుదురు. అప్పటికి ఆయన వయస్సు ఏబదినాలుగు. ఏ కళాశాలలోను సంగీతము నేర్వని మనుష్యుడు సంగీత కళాశాలకు మొట్టమొదటి అధ్యక్షుడయ్యెను. 1936 వరకు ఆ బాధ్యతను నిర్వహించెను.

ఆ తొలి దినములలో జరిగిన ఒక సంగతి ఆయన చూపును తెలుపును. ద్వారం వేంకటస్వామి నాయుడు అను యువకుడు ఫిడేలు పట్టుకొని విద్యార్థిగా చేరుటకు వచ్చెను. అతని వాయిద్యమును విన్న తరువాత విద్యార్థిగా గాక ఉపాధ్యాయుడుగా చేర్చుకొనిరి. యోగ్యతాపత్రములను ఎంచి చూచువారున్న చోట ఇట్లు జరుగదు. తాను కాగితము లేక విద్య గడించినవాడు గనుక నారాయణదాసు కాగితము నడుగక చెవితోనే కొలిచెను. ద్వారం వారు తదనంతర కాలములో దేశమంతట పేరుపొందిన విద్వాంసుడై, 1936లో నారాయణదాసు తరువాత ఆ కళాశాలకు అధ్యక్షుడయ్యెను. రవీంద్రనాథ ఠాకూరు విజయనగరము వచ్చినప్పుడు నారాయణదాసు గానమును విని మెచ్చుకొనెనని చెప్పుదురు. తొంబది రాగములను ఒక్క కృతిలో కూర్చిన ఆయన రచన సంగీతజ్ఞులకు నేటికిని పరిశీలింపదగినది.

ఒక భాష నుండి మరియొక భాషకు

కాళ్ళు దారి నడుచుట తగ్గిన తరువాత ఆయన కలము దూరదేశములకు నడచెను. కాళిదాసునుండియు షేక్స్పియరునుండియు తొమ్మిది రసములకు తగిన ఘట్టములను ఏర్చి, ప్రక్క ప్రక్కన నుంచి, తెలుగు చేసి నవరస తరంగిణి కూర్చెను. పారశీక కవి ఉమర్ ఖయ్యాము పద్యములను ఫిట్జెరాల్డు అను ఆంగ్లేయుడు తన భాషలోనికి తెచ్చి లోకమంతట ప్రసిద్ధి గావించెను. ఆ ఆంగ్లమునకును, మూలమునకును గల దూరము నారాయణదాసునకు నచ్చలేదు. ఆంగ్లమును నమ్మి సరిపెట్టుకొనక పారశీక మూలమునకే పోయెను. మూల పద్యములను, ఫిట్జెరాల్డు పద్యములను, రెంటిని వేరువేరుగా సంస్కృతములోనికిని, అచ్చ తెలుగులోనికిని మార్చెను. ఈ గ్రంథము 1932లో వెలువడెను. చదువరి నాలుగు భాషలను ఎదురెదురుగా పెట్టుకొని, ఎక్కడ అర్థము జారెనో, ఎక్కడ నిలిచెనో తానే చూచుకొనవచ్చును. భాషాంతరీకరణ పని తెలిసినవారికి ఇందులోని శ్రమ ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఒక మాటకు సరియగు మాట దొరకక దినములు గడచుట వారెరిగినదే.

అచ్చ తెలుగనగా సంస్కృత పదము కలియని తెలుగు. సంస్కృతములో అంతటి ప్రజ్ఞ కలవాడు దానిని విడిచి వ్రాయుటకు పూనుకొనుట వింతగా తోచవచ్చును. ఈసపు చెప్పిన నీతికథలను నూఱుగంటి అను పేరుతో ఆయన అచ్చ తెలుగులోనే చెప్పెను. ఈసపు ఒక బానిస యని గ్రీకులు చెప్పుకొనిరి. నక్క, ద్రాక్షపండ్లు, సింహము, ఎలుక, ఈ కథలు ఏ పండితసభకొరకును పుట్టలేదు. వాటిని తెలుగులోనికి తెచ్చునప్పుడు పొలములోని మాట, ఇంటిలోని మాట కావలెనని నారాయణదాసు తలంచెను. కాని సంస్కృతమును పూర్తిగా వెలివేయుటలో ఒక చిక్కున్నది. వాడుకలో కలిసిపోయిన సంస్కృత పదమును తీసి, ఎన్నడో మరుగుపడిన తెలుగు పదమును పెట్టిన యెడల సామాన్యునికి ఆ తెలుగే పరభాష యగును. ఆయన అచ్చ తెలుగు గ్రంథములకు నేడు నిఘంటువు కావలసియుండుటకు కారణమిదియే. కథ చెప్పుటలో పామరుని మరువని మనుష్యుడు, కలము పట్టినప్పుడు కొన్నిచోట్ల అతనిని వెనుక విడిచెను. ఆయన హరికథలు ఊరూర నిలిచినట్లు ఆయన అచ్చ తెలుగు కృతులు నిలువకపోవుట ఆయనను ప్రేమించువారు కూడ ఒప్పుకొనవలసిన సంగతి.

గజ్జెల చప్పుడు ఆగిన పిమ్మట

1945వ సంవత్సరము జనవరి 2న నారాయణదాసు విజయనగరములో దీర్ఘనిద్ర చెందెను. ఆయనకు ఎనుబది యేండ్లు నిండియుండెను. ఆ నాటికి సినిమా పల్లెలకు చేరుచుండెను, రేడియో వచ్చియుండెను. ఒక్క మనుష్యుడు దీపము వెలుగున నిలిచి రాత్రియంతయు కథ చెప్పు కాలము ముగిసెనని అనేకులు తలంచిరి.

అట్లు ముగియలేదు. కోవెలల ఉత్సవములలోను, పందిళ్ళలోను హరిదాసులు నేటికిని గజ్జె కట్టుచున్నారు. 1973లో తూర్పు గోదావరి సీమలోని కపిలేశ్వరపురములో హరికథా పాఠశాల వెలసి, పేద కుటుంబముల బాలికలకు ఈ విద్యను నేర్పెను. ఒకప్పుడు పురుషులకే పరిమితమని తలంచిన వేదిక మీద స్త్రీలు నిలిచి కథ చెప్పి ఇల్లు నిలుపుకొనుచున్నారు. తెలుగు క్రైస్తవులును ఈ పద్ధతిని తమదిగా చేసికొని, తప్పిపోయిన కుమారుని కథను, యోసేపు కథను పందిళ్ళలో పాడిరి. నారాయణదాసు చెప్పిన కథలు వేరు, ఇవి వేరు. అయినను అలసి కూర్చున్న మనుష్యుని యెదుట నిలిచి, అతని భాషలో, అతనికి నిద్ర రాకుండ, అతని మనస్సునకు పట్టునట్లు చెప్పవలెనను నియమము మాత్రము ఒక్కటే.

తెలుగు జిల్లాల నుండి జంషెడ్‌పూరు పోవు కుటుంబములు ఇప్పటికిని రైలెక్కుచున్నవి. నారాయణదాసు యౌవనమున ఎద్దుబండి మీద అనేక దినములు పట్టిన దారిని ఆ రైలు ఒక్క రాత్రిలో దాటుచున్నది. ఆ పట్టణములో పుట్టిన మూడవ తరము, నాలుగవ తరము పిల్లలు హిందీలో చదివి, హిందీలో ఆడుకొని, ఇంటిలో మాత్రము తెలుగు మాటలాడుదురు. వారిలో అనేకులకు తెలుగు లిపి రాదు. వారి ముత్తాతలకును రాదు. ఆ ముత్తాతలకు భాషను, భక్తిని, మంచిచెడ్డలను అందించినది కథ. చదువరానివాని చెవికి కథను చేర్చుటకొరకు అజ్జాడలో పుట్టిన ఒక మనుష్యుడు గురువు లేకయే నేర్చుకొని, జీతము లేకయే తిరిగి, అరువదేండ్లు గొంతును, కాళ్ళను అరగదీసికొనెను. ఆ పిల్లలను రాత్రి భోజనమైన తరువాత చెంత కూర్చుండబెట్టుకొని ధ్రువుని కథ చెప్పు అవ్వ గజ్జె కట్టదు, చిరుతలు పట్టదు. అయినను ఆమె చేయునది నారాయణదాసు పనియే.